ఒక గుర్రానికి కుడి ముంగాళ్ళెన్ని?

భుజం అన్నాను. ఒకసారి అని ఊరుకుని ఉంటే అది మామూలు పొరపాటు కింద పోయేది. అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ, టీ అంగట్లో దారినపోతూ తొంగిచూసినవాళ్ళకూ కూడా మూడు రోజుల పాటు భుజమేనని వాదించాను కాబట్టి, నా ఉద్యోగంలోకెల్లా పెద్ద తప్పయి కూర్చుంది.

ఈ మధ్య పశువైద్యం చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఒకతె మా ఇంటికొచ్చి, "మేడమ్, మీరు సాధించిన గొప్ప కేసు ఒకటి చెప్పండి" అంది. గొప్ప కేసులు చెప్పడానికి నాతో చదివిన మగ డాక్టర్లు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళ చేతుల్లో ఒక్క పశువైనా చచ్చినట్టు నేను ఇంతవరకూ వినలేదు. నేను గడువుకు ముందే ఉద్యోగం వదిలేసి నంద్యాలలో ఇంట్లో కూర్చున్నదాన్ని, ఎవరి దగ్గరా పరువు దాచుకునే పని లేదు. అందుకే తప్పే చెప్పాను. ఆ పిల్ల కాస్త నిరాశపడి, కాఫీ మాత్రం తాగి వెళ్ళింది. మీరైనా వినండి.

డెబ్భైల చివర్లో నన్ను ఆళ్ళగడ్డ పశువుల ఆసుపత్రిలో వేశారు. ఊళ్ళో దాని పేరు గొడ్లాసుపత్రి. ఆ చుట్టుపక్కల ఆడ డాక్టరు గొడ్లను చూడడం అదే మొదలు. మొదటి రెండు నెలలూ జనం గొడ్లను చూపించడానికి కాక నన్ను చూడడానికి వచ్చారు. బర్రె ఈనలేక అల్లాడుతుంటే, దాన్ని తెచ్చిన ఆసామి నా భుజం మీదుగా వెనక్కి చూసేవాడు, డాక్టరు ఇంకా రాలేదేమని.

మా కాంపౌండరు అక్కడ ఇరవై ఏళ్ళుగా పాతుకుపోయిన మనిషి. పని తెలిసినవాడు, చేయి మంచిది. చిక్కల్లా ఒకటే. ఏ పశువు వచ్చినా నాకంటే ముందు ఆయనే రోగం పేరు చెప్పేవాడు, జనం ఆయన వైపే తల ఊపేవాళ్ళు. ఆ తర్వాత నేను కూడా అదే పేరు చెబితే, "సారు చెప్పినట్టే చెప్పింది, పర్వాలేదు" అని నాకు మార్కులు వేసేవాళ్ళు. దీనికి నేను ఒక మందు కనిపెట్టాను. ఆయన ఏమంటే దానికి అడ్డం చెప్పడం. చాలాసార్లు ఆ మందు పనిచేయలేదు.

అహోబిలం తిరునాళ్ళ దగ్గరపడిన రోజులు. సోమవారం పొద్దున నేను నంద్యాల బస్సు దిగి ఆసుపత్రికి వచ్చేసరికి, గుమ్మంలో ఒకామె కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది. బస్టాండు దగ్గర నల్లగుర్రం జట్కా తోలే ఆయన భార్య.

"అమ్మా, మా నల్లది కాలు మోపడంల్యా. రాత్రి ఉలవలు తినేటప్పుడు బాగుండె. తెల్లారి సూస్తే మూడు కాళ్ళ మింద నిలబడుండాది."

"ఎక్కడైనా జారి పడిందా?"

"యాడ జారేదమ్మా? కట్టేసిన తావు నుంచి కదల్లే. నువ్వు బేగా రా."

వెళ్ళి చూశాను. బొగ్గులాంటి నలుపు, నుదుట చుక్క కూడా లేదు. కుడి ముంగాలు నేలకు తాకీ తాకకుండా ఎత్తిపట్టుకుని, పొద్దుటి చలిలోనూ చెమట కక్కుతోంది. ముందున్న ఉలవలు ముట్టలేదు. పక్కన జట్కాయన తలగుడ్డ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఆయన మాటలు తక్కువ, ఆ లోటు భార్య తీరుస్తుంది. కాలికి గిట్ట నుంచి మోకాలి కిందిదాకా పేడా ఆకుపసరూ కలిపి మందంగా పట్టువేసి ఉన్నారు.

గుర్రాల గురించి నాకు తెలిసింది మా కాలేజీలో ఉన్న ఒకే ఒక ముసలి గుర్రం వల్ల. ఎన్నో తరగతుల పిల్లలు పొడిచి, నొక్కి, తట్టి చూసినా నిద్ర లేవని మహానుభావురాలు. దాని నాలుగు కాళ్ళూ బాగుండేవి, అదే నాకొచ్చిన కష్టం. అయినా పుస్తకం గుర్తుంది. ఉన్నట్టుండి కాలు మోపని గుర్రానికి ముందు అనుమానించాల్సింది గిట్టనే. లాడం కొట్టేటప్పుడు మేకు కాస్త లోపలికి దిగిందంటే రెండు మూడు రోజుల్లో చీము పట్టి, గుర్రం కాలెత్తేస్తుంది.

"లాడాలు ఎప్పుడు కొట్టించావు?" అని అడిగాను.

"అమాసకు కొట్టిచ్చినామ్మా, నాలుగు కాళ్ళకూ" అన్నాడు జట్కాయన, నా మొహం చూడకుండా గుర్రం మొహం చూస్తూ.

అమావాస్య పోయి నెల కావస్తోంది. మేకు తప్పయితే ఇన్నాళ్ళు ఊరుకోదు. ఆ లెక్కన మేకుది తప్పు లేదు. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, ఈలోగా వెనకనుంచి మా కాంపౌండరు మెల్లగా అన్నాడు, "గిట్టలోనే ఉంటాదేమో మేడమ్. ఒకసారి ఆ పట్టు కడిగి చూస్తే..."

చుట్టూ చేరిన పదిమందీ ఆయన వైపు తిరిగి తల ఊపారు. నాకు ఒళ్ళు మండింది.

భుజం మీద చెయ్యివేసి నొక్కాను. గుర్రం చర్మం ఝల్లుమంది. ఈగ వాలినా గుర్రం చర్మం ఝల్లుమంటుందన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. రావడానికి నేను ఒప్పుకోలేదు.

"భుజం" అన్నాను.

అక్కడితో కాలు కడిగే మాట పోయింది. భుజానికి కాపడం పెట్టించాను, తైలం రుద్దించాను, సూది వేశాను. మంగళవారానికి అది కాలు ఇంకో బెత్తెడు పైకి ఎత్తింది. బుధవారానికి డొక్కలు లోపలికి పోయాయి. ఊళ్ళో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. పాము ముట్టిందని ఒకడు, కోవెలకుంట్ల వాళ్ళ దిష్టి అని ఒకడు. వాతలు పెట్టాలని ముసలి గొర్రెల కాపరి ఒకాయన కడ్డీ కూడా తెచ్చాడు. ఆయనతో అరగంట వాదించి కడ్డీ లాక్కున్నాను. ఆ వాదంలో నేను గెలిచాను. అదే ఊపులో నా భుజం సిద్ధాంతం కూడా గెలిచిందని అనుకున్నాను. వాదన బాగా వచ్చినవాళ్ళకు ఈ జబ్బు ఉంటుంది, చూసుకోండి.

బుధవారం సాయంత్రం జట్కాయన నోరు తెరిచాడు.

"డాక్టరమ్మా, ఇది లెయ్యదంటే చెప్పు. అహోబిలం దావలో, అడివి మొదట్లో ఇడిసిపెట్టొస్తా. కండ్లెదురుగా ఇట్ల నిలబడి నిలబడి సచ్చేది నేను సూడలేను."

"ఇడిసిపెడ్తాడంట!" అని భార్య లేచింది. "చిరుతపులికి ఏసేదానికా పన్నెండేండ్లు ఉలవలు నానబెట్టింది? నిన్ను ఇడిసిపెడ్తా పో అడివిలో, నిన్నయితే పులి గూడా ముట్టదు."

ఆయన నవ్వలేదు. తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు నంద్యాల నుంచి మా పై అధికారి కుటుంబంతో అహోబిలం వెళ్తూ ఆళ్ళగడ్డలో ఆగుతాడని కబురు ఉంది. "రేపు పెద్దాయన చూసేదాకా ఆగు. ఆయన ఏమంటే అది" అన్నాను. ఎవరి మాటా వినని నేను పెద్దాయన మాట మీద భారం వేశానంటే, లోపల నా నమ్మకం ఎంత గట్టిదో మీరే చూడండి.

గురువారం జీపు వచ్చింది. అధికారిగారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నుదుట అప్పుడే నామం కూడా. గుర్రానికి ఆరడుగుల దూరంలో నిలబడి, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "మీరేమనుకున్నారు?" అని నన్నడిగాడు.

"భుజం సార్."

"ఆ, భుజమే. ఎముక కూడా పోయినట్టుంది. దీనిమీద మందులు దండగ" అని గుర్రం వైపు వేలు చూపించి, జట్కాయనతో, "ఇది ఇంక బండికి పనికిరాదయ్యా. వదిలించుకో" అన్నాడు.

భుజం అన్న నా మాటకు రాజముద్ర పడింది. సంతోషించాల్సింది పోయి నేను ఆయనకూ గుర్రానికీ మధ్య ఉన్న ఖాళీ చూశాను. ఆరడుగుల దూరం నుంచి చూసినాయన, దగ్గరినుంచి చూసిన నేను ఒకే మాట అన్నామంటే, నేను దగ్గరినుంచి చూసిందేమిటి?

జట్కాయన పగ్గం విప్పబోయాడు. భార్య మాత్రం అధికారికి అడ్డం వచ్చి నిలబడింది.

"ఆ ఏలు సూపియ్యొద్దు సార్ మా గుర్రానికి! మా గుర్రం లాడం ఏలికి తొడుక్కోని, మా గుర్రాన్నే ఇడిసిపెట్టమంటావా? ఏందీ న్యాయం?"

అధికారి వేలు గభాలున జేబులోకి పోయింది. నేను చూడనే చూశాను, నడిమి వేలికి నల్లటి ఇనుప ఉంగరం.

ఇది తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. శని పట్టినవాళ్ళు నల్లగుర్రం లాడంతో చేసిన ఉంగరం పెట్టుకుంటే శని వదులుతుందని నమ్మకం. ఏ గుర్రమంటే ఆ గుర్రం కాదు, ఒళ్ళంతా నలుపు ఉండాలి. ఏ కాలంటే ఆ కాలు కాదు, కుడి ముంగాలిది కావాలి. కొత్త లాడం పనికిరాదు, గుర్రం తొక్కి నడిచినది, అదీ శనివారం ఊడదీసినది అయితేనే గుణం. ఈ నియమాలన్నీ నాకు చిన్నప్పుడే మా అవ్వ చెప్పింది. చదువుకున్నదాన్ని కదా, మర్చిపోయాను.

"సార్, ఎప్పుడు కొన్నారు?" అని అడిగాను.

"మొన్న... మా డ్రైవరు తెచ్చిపెట్టాడు. ఇంట్లో వాళ్ళ గొడవ" అన్నాడు. మగవాళ్ళ మూఢనమ్మకాలన్నీ ఇంట్లోవాళ్ళవే.

డ్రైవరు వైపు తిరిగాను. డ్రైవరు చెయ్యి వీపు వెనక్కి పోయింది. చుట్టూ మూగిన జనం వైపు చూశాను. నేను చూసిన వైపల్లా చేతులు మాయమవుతూ వచ్చాయి, తలగుడ్డల్లోకి, పంచె మడతల్లోకి, చంకల్లోకి. గోస్పాడు నుంచి తిరునాళ్ళకు వచ్చిన ఒక పెద్దమనిషి ఒక్కడే ధైర్యంగా చెయ్యి చాచి, "నాది కూడా ఇదే గుర్రందేనమ్మా, నిన్న తీసుకున్నా" అన్నాడు.

"చేతులు బయటికి తియ్యండి అందరూ!" అని అరిచాను. బళ్ళో పంతులమ్మలా అరిచానట, తర్వాత చెప్పారు. పదకొండు ఉంగరాలు లెక్క తేలాయి. ఒక లాడానికి నాలుగైదు కంటే రావు. ఇవి ఇక్కడ ఉన్నవి మాత్రమే, బస్సులెక్కి వెళ్ళిపోయినవాళ్ళ వేళ్ళ సంగతి నాకు తెలియదు.

జట్కాయన ముందుకెళ్ళి నిలబడ్డాను. "ఏమప్పా, ఒక గుర్రానికి కుడి ముంగాళ్ళెన్ని? నిజం చెప్పు. ఏ కిటికీ ఊచలో కోసి అమ్ముతున్నావా?"

ఎప్పుడూ తల ఎత్తనివాడు అప్పుడు ఎత్తాడు. కొడితే కూడా అంత బాధపడేవాడు కాదేమో.

"నరసింహసామి మింద ఆన. ఒగ్గటి గూడా దొంగది కాదమ్మా. అన్నీ ఈ నల్లదాని కుడికాలివే."

"మరి లాడాలు అమాసకు కొట్టించానన్నావే?"

"నాలుగు కాళ్ళకూ అమాసకే. ఆ ఒగ్గ కాలికి మాత్రం..." ఆగాడు. గుర్రం మెడ నిమిరాడు. "శనివారం శనివారం మారుస్తాండా. తిరునాళ్ళకు శానామంది అడుగుతాండారు. అబద్ధం ఉంగరం ఇస్తే ఆ శని నన్ను ఇడుస్తాదా?"

చూశారా! దొంగవాడైతే ఏ ఇనుప తుక్కో వంచి అమ్మి, గుర్రం కాలు చల్లగా ఉండనిచ్చేవాడు. ఈయన నిజాయితీపరుడు. వారం వారం బాగున్న లాడం ఊడదీసి, కొత్తది కొట్టించి, దాని మీద వారం రోజులు గుర్రాన్ని నడిపించి, శనివారం మళ్ళీ ఊడదీసి, ప్రతి కొనుగోలుదారుడికీ అసలు సరుకు ఇచ్చాడు. లాడానికి ఆరు మేకులు, వారానికి ఆరు కొత్త చిల్లులు. గిట్ట అంచులో మేకు దిగాల్సిన చోటు వేలు మందం కూడా ఉండదు. చిల్లుల మధ్య చోటు అయిపోయాక మేకు ఇంకెక్కడికి పోతుంది? లోపలి మాంసంలోకి పోతుంది.

"నీళ్ళు తెండి" అన్నాను.

చీర కుచ్చిళ్ళు దోపుకుని పేడలో కూర్చుని, సోమవారమే కడగాల్సిన కాలు కడిగాను. పట్టు కరిగేకొద్దీ లాడం బయటపడింది. మిగతా మూడు కాళ్ళ లాడాలు అరిగి కాగితంలా ఉన్నాయి, ఇది ఒక్కటి తళతళమంటోంది. ఎంత గుడ్డివాళ్ళయినా చూడగలిగే సాక్ష్యం. గిట్ట గోడ మాత్రం చెదలు తిన్న తలుపులా ఉంది.

లాడాలు కొట్టే సాయిబుకు కబురంపితే పనిముట్ల సంచీతో పరుగున వచ్చాడు. ఎక్కువగా ఎద్దులకు కొట్టే మనిషి. గిట్ట చూసి, జట్కాయన మీద విరుచుకుపడ్డాడు. "పోయిన శనివారమే చెప్తినే నీకు, ఇంగ తావు ల్యాదప్పా, మేకు యాడ దించల్ల అని! ఇన్యావా? సామి కార్యం, సామి కార్యం అని నన్ను కొట్టిచ్చినావు!"

"తిట్టుకోవడం తర్వాత. మేకులు ఒక్కొక్కటే తియ్యి, గుంజొద్దు" అన్నాను.

ఒకటి, రెండు. మూడో మేకు దగ్గర గుర్రం ఒళ్ళంతా వణికింది. మేకు ఊడి రావడంతో దాని వెంట నల్లటి చీము ఎగజిమ్మింది. ఆ కంపు చెప్పడం నా వల్ల కాదు. ఏం జరుగుతోందో చూద్దామని ఆరడుగుల దూరం మర్చిపోయి దగ్గరికి వచ్చి వంగి ఉన్న అధికారిగారి తెల్ల ప్యాంటు ఆ సంగతి చెప్పగలదు.

అడుగున చిన్న దారి కోసి చీమంతా కారనిచ్చి, గోరువెచ్చటి నీళ్ళలో కాలు పెట్టించాను. నల్లది కాసేపు అట్లాగే నిలబడి, పెద్దగా ముక్కు చీది, ఆ కాలు మెల్లగా బొక్కెన అడుగుకు ఆనించింది. తర్వాత మెడ చాచి ఉలవల గంప వైపు చూసింది. జట్కాయన భార్య గంప ఎత్తి దాని మూతి దగ్గర పట్టి, "తిను తల్లీ, తిను, ఈ మగోడు నిన్ను దేవునికి అమ్మినాడు" అంటూ ఏడుస్తోందో తిడుతోందో తెలియకుండా మాట్లాడుతూ నిలబడింది.

నేను లేచి, చేతులు కడుక్కుని, అందరి ముందూ చెప్పాను. "భుజం కాదు. నేను తప్పు చెప్పాను. మా కాంపౌండరు మొదటిరోజే గిట్ట అన్నాడు." అంత చిన్న వాక్యం నా నోట్లోంచి రావడానికి ఎంత పెనుగులాడిందో నాకే తెలుసు. అధికారిగారు ప్యాంటు తుడుచుకుంటూ, "నాకూ గిట్ట మీదే అనుమానం, మీరు భుజం అన్నారు కదా అని ఊరుకున్నా" అన్నాడు. ఆ తర్వాత కాగితాల మీద కూడా ఆయన తనిఖీలోనే రోగం బయటపడినట్టు రాసుకున్నాడు. రాసుకోనీ, ప్యాంటు ఖర్చు అయినా రావాలి కదా.

జనం వెళ్ళిపోయాక కాంపౌండరును నిలబెట్టి అడిగాను. "నీకు తెలుసు కదా, శనివారం శనివారం లాడం మారుస్తున్నాడని?"

"తెలుసు మేడమ్."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నాకెట్ల తెలుసంటారు కదా మేడమ్" అని, మొలతాడుకు కట్టుకున్న ఉంగరం చూపించాడు. "అందుకే కడిగి చూస్తే అన్నా. మీరు భుజం అన్నారు."

"నీకెప్పుడు పట్టిందప్పా శని?"

ఆయన నేల చూశాడు. "మీరు జాయినైన నెలలో మేడమ్."

నేను నవ్వడం ఆపడానికి చాలాసేపు పట్టింది. ఆయన కూడా చివరికి నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన నాకంటే ముందు రోగం పేరు చెప్పడం మానేశాడు, నేను ఆయన్ని అడగకుండా రోగం పేరు చెప్పడం మానేశాను. ఈ ఏర్పాటు నా బదిలీ దాకా చెక్కుచెదరలేదు. ఉంగరం మాత్రం ఆయన తీయలేదు.

అసలు వైద్యం ఆ తర్వాత మొదలైంది. చీము తీయడం ఒక్క పూట పని, గిట్ట పెరగడం నెలల పని. ఆ కాలికి నాలుగు నెలలు లాడం కొట్టకూడదని, తారురోడ్డు ఎక్కకూడదని చెప్పాను. సాయిబు లారీ టైరు ముక్క, తోలు కలిపి గిట్టకు సంచీలాంటి చెప్పు కుట్టాడు, తన తప్పుకు శిక్ష తనే వేసుకున్నట్టు కూలి తీసుకోకుండా. రోజూ పొద్దున కాలు కడిగి మందు పెట్టడానికి నేనే వెళ్ళేదాన్ని. తిరునాళ్ళ పోయింది, ఆ సంపాదనా పోయింది. జట్కాయన వేరేవాళ్ళ కట్టెల బండ్లకు కూలికి పోయాడు.

ఒకసారి జాలేసి, నాలోని కొంటెది నోరు తెరిచింది. "ఎట్లాగూ ఎవరికీ తెలియదు కదప్పా, మిగతా మూడు కాళ్ళ లాడాలు అరిగాయని ఊడదీసినవి ఉన్నాయి. వాటితో చేసి అమ్ముకో. శని ఏ కాలో లెక్కపెట్టుకుంటాడా?" అన్నాను. దైవభక్తి లేనిదాని సలహా. ఆయన నన్ను ఎంత జాలిగా చూశాడంటే, పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అట్లా చూడలేదు.

"నువ్వు సదువుకున్నదానివమ్మా. అట్లాంటి మాటలు నీకు తగవు" అన్నాడు.

నేను మందు సీసా సర్దుకుని ఆసుపత్రికి బయలుదేరాను.

వానలు మొదలయ్యాక గిట్ట అంచు గట్టిగా, నున్నగా, పాత చిల్లుల్లేకుండా దిగింది. సాయిబు, కాంపౌండరు, నేను ముగ్గురం చుట్టూ కూర్చుని, ఒక్కొక్క మేకు ఎక్కడ దిగాలో సుద్దముక్కతో గీసి, లాడం కొట్టించాము. నల్లది కాలు నేల మీద రెండుసార్లు టకటకమని కొట్టి, శబ్దం నచ్చినట్టు చెవులు నిక్కించింది.

ఆ శనివారం సాయంత్రం నంద్యాల బస్సు కోసం బస్టాండులో నిలబడి ఉన్నాను. జట్కా వచ్చి ఆగింది. జట్కాయన పక్కన భార్య కూడా కూర్చుని ఉంది, కాపలాకు. ఎవరో దూరపు ఊరి మనిషి గుర్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని కుడికాలు వంగి వంగి చూసి, జట్కాయనకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి అడిగాడు, "అన్నా, ఉంగరాలు ఈడనేనంట కదా?"

జట్కాయన నోరు తెరిచేలోగా భార్య అందుకుంది.

"ఉంగరం ల్యాదప్పా. గుర్రముండాది. యాడికి పోవల్లో చెప్పు, ఎక్కు."

ఆ మనిషి ఇంకోసారి గుర్రం కాలు చూసి, మూట లోపలికి విసిరి ఎక్కాడు.